ఎడమవైపు మడ్‌గార్డు

మా ఆయన రేకు కొట్టేవాడు. నేను రుద్దేదాన్ని. మీరేం పని చేస్తారని ఎవరైనా అడిగితే ఇంతకంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. శాలిబండలో ఒక సందు చివర మా ఇల్లు. ఇల్లు చిన్నదే, వాకిలి పెద్దది. ఆ వాకిట్లోకి గొప్పోళ్ల మోటార్లు వచ్చి సొట్టలు తీయించుకొని పోయేవి. ఆయన వాళ్లు కంచరులు, తాతల నాటి నుంచి బిందెలకూ గంగాళాలకూ సొట్టలు తీసినవాళ్లు. ఊళ్లో మోటార్లు ఎక్కువయ్యాక, బిందె అయితేనేం బండి అయితేనేం అని ఆయన ఇందులోకి దిగాడు. ఆయన కుడిచెయ్యి మీదే మేం బతికాం. ఆ చెయ్యి పోవడం నా కళ్లతో చూశాను. ఆ సంగతే రాస్తున్నాను. రాస్తే మనసు తేలికవుతుందని ఎవరో అన్నారు. అదేమీ కాదని నాకు ముందే తెలుసు.

రేకు పని తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. కారు రేకుకు సొట్ట పడితే, అడుగున ఇనుప దిమ్మె ఆనించి పైనుంచి సుత్తితో మెల్లగా కొట్టి సాపు చేస్తారు. ఎక్కువ కొడితే రేకు సాగి ఉబ్బుతుంది. అప్పుడు ఆ ఉబ్బును మంటతో కాల్చి, తడిగుడ్డ అదిమి, ముడుచుకునేలా చేయాలి. ఇంకా మిగిలిన గుంటల్లో సీసం, తగరం కరిగించి నింపుతారు. దాని మీద సుద్దతో కలిపిన లప్పం పూస్తారు. లప్పం ఎండాక నీళ్లు పోస్తూ రాయితో రుద్దడం నా వంతు. అయితే రంగు పడేదాకా రేకు గుట్టు బయటపడదు. లప్పం మీద అంతా సాపుగానే కనిపిస్తుంది. నల్లరంగు వేసి మెరుగు పెట్టగానే ఎక్కడెక్కడి ఎత్తులూ పల్లాలూ లేచి వెక్కిరిస్తాయి. ఇక రంగంతా గీకి మళ్లీ మొదటికి రావాల్సిందే. అందుకే ముందుగా అరచేత్తో చూసుకుంటారు. మా ఆయన పల్చటి మల్లు గుడ్డ పరిచి, దాని మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకొని ఆ చివరిదాకా జరిపేవాడు. వెంట్రుకంత ఎత్తున్నా అక్కడ ఆగేవాడు.

"కండ్లు ఏమారుతయే, చెయ్యి ఏమారదు" అనేవాడు. ఆ గొప్పలు వినలేక చచ్చేదాన్ని.

రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆ నల్ల కారు వచ్చింది. మా సందుకు దగ్గర్లో ఒక జాగీర్దారు దేవిడి ఉండేది, కోటలాంటి పెద్ద ఇల్లు. పెద్ద దొర పోయాక ఆయన కారును గుర్రాలశాలలో పడేశారు. ఏళ్ల తరబడి అక్కడే ఉండి తుప్పు పట్టింది, సీట్లలో కోళ్లు పొదిగాయి. యుద్ధం వల్ల కొత్త కార్లు దొరక్క, కొడుకు దాన్నే తండ్రి కాలంలో ఎలా ఉండేదో అలా చేయించాలనుకున్నాడు. ఆ పని మాకు తెచ్చింది ఉస్తాద్. మా ఆయనకు కారు పని నేర్పిన ముసలాయన ఆయన. మాకు పెద్దదిక్కు. మా వాకిట్లోకి వస్తే నా చేతి చాయ్ తాగనిదే కదిలేవాడు కాదు.

"బేటా, గీ ఒక్క బండి మంచిగ చేసి ఇయ్యి. దేవిడోల్ల బండ్లన్నీ నీ దగ్గరికే వస్తయి. జిందగీకి ఫికర్ ఉండదు" అన్నాడు.

అన్నిటికంటే అన్యాయంగా ఉన్నది ఎడమవైపు ముందు మడ్‌గార్డు. ఎప్పుడో డ్రైవరు దాన్ని దేవిడి గేటుకు గుద్దాడట, నలిపి పారేసిన కాగితంలా ఉంది. కింది అంచును తుప్పు తినేసింది. అతుకు వేద్దామంటే కొత్త రేకు లేదు, ఇనుమంతా యుద్ధానికే పోతోంది. మా ఆయన గ్యాసునూనె డ్రమ్ము కోసి ముక్క తీసి అతికాడు. పొద్దున లేస్తే సుత్తి చప్పుడే. చుట్టుపక్కల ఆడవాళ్లు ఏం లొల్లి ఇది అని తిట్టుకునేవారు. నాకు ఆ చప్పుడు ఆగితేనే భయంగా ఉండేది.

అప్పటికే ఆయన ముంజేతి మీద ఒక తెల్లటి మచ్చ ఉంది. లప్పం కలిపే ఇంట్లో తెల్లమచ్చను ఎవరు పట్టించుకుంటారు? గోడల మీదా, గిన్నెల మీదా, నా చీర కుచ్చిళ్ల మీదా ఎక్కడ చూసినా సుద్దే. ఒకరోజు స్నానంలో ఆయనకు వీపు రుద్దుతూ, ఈ సుద్ద పోవడం లేదేమిటని లప్పం రుద్దే రాయి తెచ్చి దాని మీద పెట్టి రుద్దాను. నాకు వచ్చిన విద్య అదే కదా. చర్మం ఎర్రగా కందిపోయింది. మనిషి ఊ అనలేదు, ఆ అనలేదు. దున్నపోతు తోలు నీదని వెక్కిరిస్తే నవ్వాడు. దేవుడనేవాడు ఆ పూట ఎక్కడ పడి నిద్రపోతున్నాడో.

సీసం నింపుతున్న రోజు ఏదో మాడిన వాసన వచ్చింది. పప్పు మాడుతోందనుకొని ఇంట్లోకి ఉరికాను. చూస్తే పొయ్యే వెలిగించలేదు. మళ్లీ బయటికి వచ్చేసరికి ఆయన కుడిచెయ్యి అప్పుడే కాల్చిన రేకు మీద ఆనించి, వంగి అడుగువైపు చూసుకుంటున్నాడు. వేళ్ల కింద నుంచి సన్నగా పొగ లేస్తోంది. చెయ్యి తియ్యమని అరిచాను. ఆయన ముందు నా వైపు చూశాడు, తర్వాత చేతి వైపు చూశాడు, అప్పుడు తీశాడు. పనిలో పడి చూసుకోలేదన్నాడు. వేళ్లకు కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టాను. పని ధ్యాసలో ఉన్నవాడికి కూడా నిప్పు కాలుతుందని నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

లప్పం ఎండింది. నేను రుద్దడం మొదలుపెట్టాను. లైటు కింద మడ్‌గార్డు ఒంపు తిరిగే చోట నా చెయ్యి ఒక ఎత్తు ఎక్కి దిగింది. రాయి పక్కన పెట్టి ఒట్టి చేత్తో చూశాను. వెంట్రుకంత కాదు, గుడ్డివాడికి కూడా తెలిసేంత ఎత్తు.

"ఏమయ్యా, గీడ ఎత్తున్నది" అన్నాను.

ఆయన వచ్చి గుడ్డ పరిచాడు. కళ్లు మూసుకొని అరచెయ్యి జరిపాడు. చెయ్యి ఎక్కడా ఆగకుండా దాటిపోయింది.

"ఏం లేదు. సాపుగనే ఉన్నది. నీకేమెరుక, రుద్దు."

నాకు ఒళ్లు మండింది. "నాకేమెరుకనా? మల్లొక్కపారి చూడు" అని ఆయన చెయ్యి పట్టుకొని సరిగ్గా ఆ ఎత్తు మీద పెట్టాను. "ఇగో, గిది. తెలుస్తలేదా?"

"ఏంది?"

"ఎడమ చెయ్యి పెట్టు."

ఎడమ చెయ్యి పెట్టగానే ఆయన కళ్లు తెరిచాడు. మళ్లీ కుడిచెయ్యి పెట్టాడు. మళ్లీ ఎడమ. తర్వాత చక్రానికి ఆనుకొని కింద కూర్చున్నాడు.

"కొన్ని దినాల సంది వేడిది సల్లది గుడ తెలుస్తలేదు" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఏం జేస్తవు?"

నిజమే, నేనేం చేస్తాను? ఆ జబ్బు పేరు మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం పలకలేదు. మా దగ్గర దాన్ని పెద్దరోగం అనేవారు. అది వచ్చిందంటే మనిషిని ఇంట్లో ఉండనివ్వరు, ఇంటిని సందులో ఉండనివ్వరు. చెయ్యి పోతే పని పోతుంది, రోగం బయటపడితే మనిషే పోతాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారే, అది మాకు పడింది.

మర్నాడు వాకిలికి గోనెపట్టా కట్టాం, ఎవరికీ కనిపించకుండా. పూసిన లప్పమంతా గీకేశాం. ఎడమ చెయ్యికి ఎత్తు ఉందని తెలుస్తుంది గాని ఎంత ఉందో తెలియదు, అది పని నేర్చిన చెయ్యి కాదు. అందుకని నా చెయ్యికి నేర్పాడు. నేను అరచేత్తో చూసి సుద్దముక్కతో గీత గీస్తే ఆయన అక్కడ కొట్టేవాడు. మొదట నాకు ఏదీ తెలిసేది కాదు, గట్టిగా అదిమేదాన్ని.

"అదమకే" అనేవాడు. "ఊకె పెట్టాలె. పసిపోరికి జరమొచ్చిందా అని నెత్తి మీద చెయ్యి పెట్టి చూస్తరు సూడు, గట్ల."

మాకు పిల్లలు లేరు. అయినా ఆ మాటతో పని పట్టుబడింది. పెళ్లయినప్పటి నుంచి మేమిద్దరం మాట్లాడుకున్నది ఒక ఎత్తు, ఆ గోనెపట్టా వెనక మాట్లాడుకున్నది ఒక ఎత్తు. సుఖమంటే అదీ సుఖమే, పాడు సుఖం. పని సరిగ్గా వస్తున్నకొద్దీ నాకు దుఃఖం పొంగేది. ఈ ఒక్క బండి గడిస్తే చాలు, ఇలాగే నా చేత్తో ఆయన పని ఈడ్చుకుపోవచ్చని ఆశపడ్డాను. ఆశకు సిగ్గెక్కడిది?

మడ్‌గార్డు పూర్తయ్యాక ఉస్తాద్ చూడటానికి వచ్చాడు. బుగ్గన పాన్ పెట్టుకొని, గోనెపట్టా ఎత్తుకొని లోపలికి వచ్చాడు. మడ్‌గార్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకు చెయ్యి జరిపాడు.

"షాబాష్ బేటా. నేను నేర్పిందానికంటే మస్తు చేసినవ్" అన్నాడు. "గీ ఒంపుకాడ ఇంక జర తియ్యాల్నా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను వద్దన్నట్టు తలూపాను. ఉస్తాద్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ తర్వాత ఆయన చూపు మా ఆయన వేళ్లకున్న గుడ్డ మీద పడింది. చెయ్యి తన చేతిలోకి తీసుకొని గుడ్డ విప్పాడు. కాలిన పుండ్లు ఇంకా మానలేదు. అంగీ చెయ్యి పైకి జరిపి మచ్చ చూశాడు. చాలాసేపు చూసి, ఆ చేతిని మెల్లగా కిందికి దించాడు. తన చేతిని షేర్వాణీకి తుడుచుకున్నాడు. తుడుచుకున్నట్టు తనకే తెలిసి తల దించుకున్నాడు.

నేను చాయ్ తెచ్చి ఇచ్చాను.

"ఒద్దు బేటీ. ఇయ్యాల రోజా ఉన్న" అన్నాడు.

రంజాన్ పోయి చాలా నెలలైంది. ఆయన బుగ్గలో పాన్ ఇంకా అలాగే ఉంది. ఎవ్వరికీ చెప్పనని, దవాఖానకు మాత్రం పోవాలని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. ఆయన చెప్పి ఉండడని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఇలాంటి సంగతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నల్లా దగ్గర నా బిందెను కాలితో పక్కకు తోశారు. దేవిడి మనుషులు వచ్చి, రంగు పడని కారును మాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా తోసుకుపోయారు. ఆ మడ్‌గార్డును ఊడబీకి మూసీలో పడేశారని తర్వాత విన్నాను. ఇనుము దొరకని రోజుల్లో.

దవాఖానలో డాక్టరు ఇద్దరినీ గుండుసూదితో గుచ్చి చూశాడు. మా ఆయనకు ఎడమ చేతిలోనూ స్పర్శ తగ్గుతోందన్నాడు. నాకేమీ లేదన్నాడు. కానీ వారం వారం ఒళ్లంతా గుచ్చుకొని చూసుకొమ్మని, ఎక్కడైనా నొప్పి తెలియకపోతే వెంటనే రమ్మని చెప్పాడు. ఆయన్ను ఊరికి దూరంగా, ఆ రోగులను ఉంచే చోటికి పంపారు. భార్యలను అక్కడ ఉండనివ్వరు. ముళ్లకంచెకు ఇవతల నిలబడి మాట్లాడి రావడమే.

కొన్నాళ్లకు వెళ్లినప్పుడు ఆయన వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. తిన్నవా, పన్నవా అని ఏమీ అడగలేదు.

"బండికి రంగు పడ్డదా?" అన్నాడు.

"పడ్డది."

"ఎట్లొచ్చింది?"

"అద్దం లెక్క వచ్చింది. ఏడ గుడ ఎత్తు లేదు, పల్లం లేదు. దేవిడోల్లు మస్తు ఖుషీ అయిన్రు."

ఆయన కంచెకేసి చూశాడు. "నీకు అబద్ధమాడుడు రాదే. పీకి పారేసి ఉంటరు. ఆల్ల జాగల నేనుంటే నేను గట్లనే చేస్తుంటి."

"నువ్వు చెయ్యవు" అన్నాను కోపంగా.

"చేస్తుంటి" అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. అది విన్నాక నాకు బతకాలనిపించలేదు.

"సూదితోని గుచ్చుకుంటున్నవా?" అని అడిగాడు.

"గుచ్చుకుంటున్న."

"నొస్తున్నదా?"

"నొస్తున్నది."

"నువ్వు ఊకె చెప్తవు. నా ముంగట గుచ్చుకో."

రవికకున్న పిన్నీసు తీశాను. దేవిడి మీదా, సందు మీదా, ఆయన మీదా ఉన్న కోపమంతా పెట్టి అరచేతిలో పొడుచుకున్నాను. లోతుగా దిగింది. అబ్బా అని చెయ్యి విదిలించాను, కళ్లలో నీళ్లు తిరిగాయి, నెత్తురు మణికట్టు దాకా కారింది. ఆయన కంచె దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూశాడు. ఆ నల్ల కారు మా వాకిట్లోకి వచ్చిన తర్వాత ఆయన అంతలా నవ్వడం నేను చూడలేదు. వెనక్కి తిరిగి, చెట్టు కింద కూర్చున్న రోగులందరికీ వినబడేలా, కొడుకు పుట్టినట్టు చెప్పాడు.

"నొచ్చింది దీనికి. మస్తు నొచ్చింది."