గ్లోవులు లేని వేణుగోపాల్

ప్రతి సోమవారం కంకిపాడు దగ్గర కాలువలోకి దిగి, పంచె తడవకుండా ఒక చేత్తో ఎత్తిపట్టి, రెండో చేత్తో గోధుమరంగు సీసాలో నీళ్లు ముంచి తేవడం వేణుగోపాల్ ఉద్యోగం. పొలాల్లో కొట్టిన కలుపుమందు నీళ్లలోకి ఎంత దిగిందో విజయవాడ ల్యాబులో తేలుస్తారు. అతని సీసాలో ఎప్పుడూ ఏమీ తేలదు. కొత్తగా చేరిన ఉషశ్రీ చల్లపల్లి నుంచి తెచ్చే ప్రతి సీసాలోనూ మందే. మీటింగుల్లో ఆ పిల్ల పేరే మోగుతుంది. పైగా ఆమె చేతులకి గ్లోవులు. "నీళ్లు ముట్టుకోడానికి కూడా సోకులేనా" అని టీకొట్టు దగ్గర మూతి విరిచి, పంతానికి తను వట్టిచేతులతోనే ముంచేవాడు.

"ఏమీ దొరకని చోటికి ఇక జీపు దండగయ్యా" అని ల్యాబు సారు అన్న వారమే అతని సీసాలోనూ మందు దొరికింది. వేణుగోపాల్ మీసం దువ్వుకుంటూ ల్యాబంతా మైసూర్‌పాక్ పంచాడు. ఉషశ్రీ ముక్క అందుకుని, పక్కవాళ్లకి వినపడకుండా అడిగింది. "అన్నయ్యగారూ, ఆదివారం మీ పొలం గట్ల మీద గడ్డిమందు కొట్టొచ్చారు కదండీ. ఆ చేతులతోనే ముంచారా?"

అతను చేతులకేసి చూసుకున్నాడు. మళ్లీ తెచ్చిన నీళ్లు ఎప్పట్లాగే శుభ్రంగా తేలాయి. అయినా జీపు ఆగలేదు. పోల్చి చూడ్డానికి మందు కలవని నీళ్ల చోటు ఒకటి ఉండాలని ఉషశ్రీయే సారుకి నచ్చజెప్పిందట. అది విన్నాక వేణుగోపాల్ కడుపుమంట రెట్టింపయింది. ఇప్పుడు అతనూ గ్లోవులు తొడుక్కుంటాడు, జీపు డ్రైవరు అటు తిరిగాక.