కొళాయి దగ్గరి రాళ్ళు

మా వీధికి నన్ను కార్యదర్శిని చేసింది నా తెలివి కాదు, నా దస్తూరి. డెబ్భైల చివర్లో కుప్పం నుంచి మదనపల్లెకు బదిలీ అయి వచ్చిన బడిపంతులిని నేను. వీధి అభివృద్ధి సంఘానికి నల్లబోర్డు ఉంది, సుద్దముక్కలు ఉన్నాయి, గుండ్రంగా రాసే చెయ్యి మాత్రం లేదు. సంఘం అధ్యక్షులు రిటైరైన ఓవర్సీరు. ఆయన ఒకరోజు మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, లేచి వెళ్ళేలోపల నన్ను కార్యదర్శిని చేసేశారు.

బోర్డు వీధి మొదట్లో సోడా అంగడి గోడకు వేలాడేది. నేను రోజూ బడికి పోయే ముందు దాని మీద వీధి వార్తలు రాసేవాణ్ణి. మామూలు మాటలతో రాస్తే నా చదువు ఏమైపోవాలి? మోరీ ఎత్తి శుభ్రం చేసిన రోజున 'మన వీధి మురుగుకాలువ నేడు నిర్మల ప్రవాహిని అయినది' అని రాశాను. ఆ సాయంత్రమే అందులో ఒక పంది హాయిగా పొర్లింది. అయినా నాకు చీమ కుట్టినట్టు లేదు. సోడా అంగడాయన బోర్డు చదివి వినిపిస్తుంటే కాస్త దూరంగా నిలబడి, ఎవరో రాసింది విన్నట్టు విని, తల పంకించి వెళ్ళేవాణ్ణి.

వీధి మొత్తానికి ఒకటే కొళాయి. ఎండాకాలంలో రెండు రోజులకోసారి, తెల్లవారుజామున గంటసేపు నీళ్ళు వచ్చేవి. రెండో కొళాయి కోసం నేను మూడు అర్జీలు రాశాను. మూడింటిలోనూ గంగావతరణం ఉంది. చివరికి మా వార్డు కౌన్సిలరు ఆదివారం వచ్చి చూస్తానని కబురు పంపాడు.

ఇక నన్ను పట్టే పగ్గాల్లేవు. కౌన్సిలరు కంటికి వీధి అద్దంలా కనబడాలని శ్రమదానం పెట్టించాను. ఆదివారం చీకటితోనే నేనూ, అధ్యక్షులూ, సంఘం సభ్యులు నలుగురూ పారలు పట్టుకుని దిగాం. కొళాయి దగ్గరికి వస్తే అక్కడ వరసగా ఒకటే రాళ్ళు. సగం ఇటుకలు, పగిలిన తిరగలి రాయి, రుబ్బురోలు గుండు, ఏ గోడలోంచో ఊడిన బండముక్కలు. అన్నీ ఎత్తి ఎద్దులబండిలో వేయించి, పుంగనూరు రోడ్డులో ఊరు దాటాక ఉన్న గుంతలో పోయించాం. ఒక్క రాయికి మాత్రం పసుపూ కుంకుమా పూసి ఉన్నాయి. ఎవరి దేవుడో అని భయపడి, దానికి దండం పెట్టి, అక్కడే ఉంచాను.

వీధిలో ఆడవాళ్ళు కల్లాపి చల్లడానికి బయటికి వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. మూడిళ్ళ అవతల ఉండే ముసలామె కొళాయి దగ్గరి ఖాళీ నేలను చూసుకుంటూ నిలబడిపోయింది. బొరుగులు వేయించి అమ్ముకుని బతికే మనిషి. పురిటికొచ్చి బిడ్డను కన్న కూతురు ఇంట్లో ఉంది.

"ఈడుండే రాళ్ళేమాయ అయివోరా?" అని అడిగింది. అక్కడ పంతుళ్ళను అలాగే పిలుస్తారు.

పారబోయించానని గొప్పగా చెప్పాను. ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. సంతోషంతో నోట మాట రాలేదనుకున్నాను. అంత తెలివైనవాణ్ణి.

పదిగంటలకు కౌన్సిలరు వచ్చాడు. దండ వేశాం. ఆయన కొళాయినీ, చుట్టూ ఊడ్చిన నేలనూ చూసి మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, ఇక్కడ పెద్దగా రద్దీ ఉన్నట్టు లేదనీ, అవతలి వీధి కొళాయి దగ్గర బారెడు వరస చూసి వస్తున్నాననీ, ముందు వాళ్ళకే ఇవ్వడం న్యాయమనీ అన్నాడు. ఆ న్యాయానికి నేను చప్పట్లు కూడా కొట్టాను.

నా భార్య అప్పుడు పుట్టిల్లు పెద్దపంజాణిలో ఉంది. సాయంత్రం బస్సుకు వచ్చింది. ఆమె ఊళ్ళో ఉండి ఉంటే ఈ కథ ఉండేది కాదు. వీధి వార్తలు ఇంట్లో చెప్పే అలవాటు నాకు లేదు, కార్యదర్శి హోదా కదా. సోమవారం తెల్లవారుజామున ఆమె బిందెలు తీసుకుని వెళ్ళింది. కాసేపటికి కొళాయి వైపు నుంచి అరుపులు వినబడ్డాయి. నేను దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగి పడుకున్నాను. అరగంటకు ఆమె ఖాళీ బిందె తెచ్చి నా మంచం పక్కన ఠంగుమని పెట్టింది.

"పోయి ఆ బోర్డు కింద పెట్టుకో దీన్ని. నీళ్ళొస్తాయేమో సూద్దాం," అంది.

అప్పుడు తెలిసింది నేను చేసిన ఘనకార్యం. ఆ రాళ్ళు చెత్త కాదు, వరస. ఇంటికొక రాయి. ఈసారి నీళ్ళు ఏ రాయి దగ్గర ఆగిపోతే, వచ్చేసారి అక్కడి నుంచే మొదలు. ఎవరూ రాసుకోలేదు, ఎవరూ పోట్లాడుకోలేదు, ఏళ్ళ తరబడి అలాగే జరుగుతూ వచ్చింది. సంఘంలో ఆరుగురమూ మగవాళ్ళమే. ఆరుగురిలో ఒక్కడు కూడా ఎన్నడూ ఆ కొళాయి కింద బిందె పెట్టి ఎరగడు. పసుపు రాయి దేవుడేమీ కాదు, తన రాయిని గుర్తుపట్టడానికి ఒక ఇల్లాలు పూసుకున్న గుర్తు. వరసలో మిగిలింది ఆమె రాయొక్కటే కాబట్టి ఆమె దర్జాగా ముందు పట్టుకుంది. తర్వాత జబ్బబలం ఉన్నవాళ్ళు పట్టుకున్నారు.

పోయినసారి నీళ్ళు ఆగింది బొరుగులమ్మే ఆమె రాయి దగ్గర. ఈ సోమవారం మొదటి బిందె ఆమెది కావాల్సింది. ఆ రోజే కూతురికి పురిటి స్నానం. ముసలామె తోపులాటలో నిలబడలేక రెండు ఖాళీ బిందెలతో తిరిగి వచ్చిందట. అది విన్నాక నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బడికి సెలవు పెట్టి, సైకిలుకు రెండు బిందెలు కట్టుకుని, పుంగనూరు రోడ్డులో ఒక రైతు మోటారు బావికి పోయాను. మొదటి విడత ముసలామె ఇల్లు చేరేసరికి బిందెల్లో సగం నీళ్ళు, మిగతా సగం నా పంచెలో ఉన్నాయి. సోడా అంగడి దగ్గర ఎవరో పకపకా నవ్వారు. నాలుగు విడతలు తిరిగాను. ముసలామె ప్రతిసారీ బిందె అందుకుని లోపలికి తీసుకుపోయింది గానీ పలకలేదు. ఆఖరిసారి లోపల పసిబిడ్డ గుక్కపెట్టి ఏడవడం, నీళ్ళు పోస్తున్న చప్పుడు వినబడ్డాయి. నాకు ప్రాణం కుదుటపడింది.

దారిలో నాలుగుసార్లూ ఆ గుంత కనబడుతూనే ఉంది. సాయంత్రం అదే ఎద్దులబండి మాట్లాడుకుని, గుంతలోకి దిగి, రాళ్ళన్నీ ఏరి వీధిలోకి తెచ్చి కుప్ప పోయించాను. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఒక్కొక్కరూ వచ్చి తడుముకోకుండా తమ రాయి తీసుకుని వెళ్ళి పెట్టుకున్నారు. ఎవరి ముందు ఎవరో, ఎవరి వెనక ఎవరో అందరికీ తెలుసు. మొదటి చోటు ముసలామెకు వదిలారు. పసుపు రాయి ఇల్లాలు కూడా నోరెత్తకుండా తన రాయిని వెనక్కి జరుపుకుంది.

చివరికి కుప్పలో ఒక్క రాయి మిగిలింది. ఒకవైపు నున్నగా, ఒకవైపు విరిగి ఉంది. ఎవరూ దాని జోలికి రాలేదు. గుంతలోంచి పొరపాటున వచ్చిన చెత్త అనుకుని, దాన్ని మోరీ అవతలికి విసరబోయాను.

"విసరొద్దు అయివోరా," అంది ముసలామె. ఆ రోజంతటికీ నాతో ఆమె పలికింది అప్పుడే. "అది మీ ఇంటి రాయే. నాలుగేండ్లుగా మీ ఇంటామె పెడతాండేది అదే."

చేతిలో తిప్పి చూశాను. కుప్పం నుంచి సామాను దించేటప్పుడు కింద పడి రెండుముక్కలైన, మసాలా నూరే మా సన్నెకల్లు. అది పగిలినందుకు నా భార్యను రెండు రోజులు సాధించాను. సగం ముక్క ఏమైందో ఆ తర్వాత ఒక్కసారీ అడగలేదు. ఇంట్లో నేను తాగిన ప్రతి చెంబు నీళ్ళూ ఈ రాయి వెనకాల నిలబడి తెచ్చినవే. దాన్ని నేను రెండు రోజుల్లో రెండోసారి పారేయబోయాను.

గుమ్మంలో నిలబడి ఉన్న నా భార్య వైపు చూసి, మనది ఎక్కడ పెట్టాలని అడిగాను. వరసలో మా చోటు ఎక్కడో నడుమ అని ఆమెకు తెలుసు, ఆడవాళ్ళందరికీ తెలుసు.

"కడాన పెట్టు," అంది.

తీసుకెళ్ళి అందరి వెనకా పెట్టాను. బుధవారం తెల్లవారుజామున బిందె పట్టుకుని దాని వెనక నిలబడింది నేనే. నా వంతు రాకముందే నీళ్ళు ఆగిపోయాయి.