మర్యాదగా అడిగిన సెలవు

అమలాపురంలో బస్టాండు వెనక మేడ మీది గదిలో, గల్ఫ్‌కి పనికి వెళ్ళే ఆడవాళ్ళకి ఇంగ్లిష్ నేర్పుతాను. ‘ఐ వాంట్’ అనకూడదు, ‘ఐ వాంటెడ్ టు ఆస్క్’ అనాలి. ఇప్పుడు కావలసినదాన్ని ఎప్పుడో అనుకున్నట్టు అడిగితే మర్యాద. మా వాళ్ళకి ఇది తొందరగానే ఎక్కుతుంది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకుండా "దూరమాండీ?" అనే ఊళ్ళు మావి.

అల్లవరం నుంచి వచ్చి నేర్చుకున్న ఒకమ్మాయి కువైట్‌లో ఇంటిపనికి కుదిరింది. మొన్న వేసవిలో వాయిస్ మెసేజ్ పెట్టింది.

"నాన్నకి అస్సలు బాగోలేదండీ. వారమో పదిరోజులో అన్నారంటండీ డాక్టరుగారు. పాస్‌పోర్టు మా మేడంగారి దగ్గరుంది. ఎలా అడగమంటారండీ?"

తను రాసుకున్న ముక్క కూడా పంపింది. ‘మై ఫాదర్ డయింగ్, గివ్ పాస్‌పోర్ట్.’ చూసి నవ్వాను. దాచడమెందుకు, నవ్వాను. మన ఇంటి బాధలు యజమాని నెత్తిన పెట్టకూడదని చెప్పేదాన్ని కదా, అందులోంచి తండ్రి మాట కొట్టేశాను. ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ ఐ కుడ్ గో హోమ్ ఫర్ ఎ ఫ్యూ డేస్’ అని రాసి పంపాను. చదువుకుంటే నాకే ముచ్చటేసింది.

చూద్దాంలే అందట మేడం. నాలుగు రోజులాగి మళ్ళీ అడగమని, ఇంకాస్త మెత్తగా ఇంకో వాక్యం రాసిచ్చాను. మళ్ళీ చూద్దాంలే అందట.

తండ్రి పెద్దకర్మ అయ్యాక, ఆ అమ్మాయి ఖర్జూరం ప్యాకెట్టు పట్టుకుని మేడెక్కి వచ్చింది.

"అందలేదండీ. నేను విమానంలో ఉండగానే పోయేరు."

పాస్‌పోర్టు ఎలా ఇచ్చిందని అడిగాను.

"ఇంక ఓపిక లేక, నేను ముందు రాసుకున్న మాటే అనేశానండీ. ఆవిడ ఏడ్చేసేరు. మొదటిరోజే చెప్పొచ్చు కదా అన్నారండీ. టిక్కెట్టు కూడా ఆవిడే తీసేరు."

నన్ను ఏమైనా అంటుందేమోనని చూశాను.

"మీకు శ్రమ ఇచ్చేనండీ," అని ప్యాకెట్టు బల్ల మీద పెట్టి దిగి వెళ్ళిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. సిగ్గుపడాలని తెలుసు, సిగ్గూ వేయలేదు. ఒక ఖర్జూరం తీసి తిన్నాను. తీపి తెలిసింది, అంతే.

మర్నాడు పొద్దున క్లాసులో బోర్డు మీద ‘ఐ వాజ్ వండరింగ్’ అని రాశాను. ముందు బెంచీలో కూర్చున్నావిడ చూసి రాసుకుంటూ తలెత్తింది.

"ఏదడగాలన్నా ఇలాగేనాండీ?"

ఆయ్, అని తలూపాను.