ఎండకి కరిగిన క్లోరోఫ్లోరో ఎనిలీన్

అప్పట్లో గుడివాడ దగ్గర ఒక చిన్న మందుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేసేవాణ్ణి. నార్‌ఫ్లాక్సాసిన్ మందు తయారీకి కావలసిన క్లోరోఫ్లోరో ఎనిలీన్ మాకు డ్రమ్ముల్లో వచ్చేది. మామూలుగా అది గోధుమరంగు గడ్డలా ఉంటుంది. మే నెల ఎండకి డ్రమ్ములోనే కరిగిపోయేది.

ఒకరోజు డ్రమ్ము వంచుతుంటే ఆ ద్రవం ఆపరేటర్ చొక్కా మీద చిందింది. ఆయన్ని అందరం బావా అనే పిలిచేవాళ్ళం. గుడ్డతో పైపైన తుడుచుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. భోజనాల వేళకి తలనొప్పి అన్నాడు. చూస్తే పెదాలు, గోళ్ళు నీలంగా ఉన్నాయి. ఆ సరుకు చర్మం గుండా రక్తంలో కలిసి, దాన్ని ఆక్సిజన్ మోయనివ్వదు.

"బావా, చొక్కా విప్పేయ్!"

"ఆడవాళ్ళున్నారయ్యా."

గ్లవుజులు తొడుక్కుని నేనే గుండీలు తెంపి, షవర్ కిందికి లాక్కెళ్ళి సబ్బుతో ఒళ్ళంతా కడిగాను. ఆసుపత్రిలో డాక్టరుగారు ఆక్సిజన్ పెట్టి, నరానికి నీలంరంగు ఇంజెక్షన్ ఇచ్చారు.

"నీలానికి విరుగుడు నీలమేనా అండీ?" అన్నాడు బావ. ఆ మాట విన్నాకే నాకు ఊపిరాడింది. సాయంత్రానికి తేరుకున్నాడు.

అవనిగడ్డ నుంచి బస్సులో వచ్చిన వాళ్ళావిడ నన్ను నిలదీసింది.

"ఇంత విషంతో మాత్రలు చేసి జనం చేత మింగిస్తారా?"

"మాత్ర అయ్యేసరికి అది వేరే పదార్థంగా మారిపోతుంది అక్కయ్యా. విరేచనాలు తగ్గడానికి డాక్టర్లు ఇచ్చేది ఆ మాత్రే."

ఆవిడ నమ్మలేదు. "ఏమోనండీ, ఆయన్ని మాత్రం ఆ డ్రమ్ముల దగ్గరికి పంపకండి" అంది.

మేనేజరుగారితో మాట్లాడి బావని ప్యాకింగుకి మార్పించాను. మిగతావాళ్ళకి రబ్బరు ఏప్రన్లు తెప్పించారు.