మేకు లేని ములుకోల

మా పెదనాన్న సన్యాసి, మావాళ్ళు కూలికి వలస వచ్చిన ఈ దీవిలో, పిటాన్ అనే ఊరి దగ్గర చెరకుతోటలో ఎద్దుబండి తోలేవాడు. పనిలో చేరిన కొత్తలో ఒకసారి ఎద్దును ములుకోలతో పొడిచి, రక్తం చూసి రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఆ తరవాత కర్ర చివరి మేకు పీకేసి, నల్లటి లక్కతో మొనలా దిద్దుకున్నాడు. ఆయన ఎద్దు పేరు నల్లోడు. ఈయన భజన అందుకుంటే చాలు, ఎంత బరువైనా లాగేసేవాడు. పెదనాన్న పాడితే నేను పారిపోయేదాన్ని. నల్లోడికి సంగీతం తెలియదు గనక సరిపోయింది.

ఈ గుట్టు బయటపడితే మాత్రం బండి పోతుంది. పొడవనివాడు బండికి పనికిరాడని కూలీల మీద పెత్తనం చేసే సర్దారు శివరాం శాసనం. అలాంటివాణ్ణి చెరకు కొట్టడానికి పంపేవాడు. పెదనాన్నకు చెరకు కొట్టడమంటే భయం లేదు, నల్లోడు ఇంకొకడి చేతిలో పడతాడనే దిగులు.

1911 కోతల్లో ఊరి కుర్ర పాదిరీకీ, మహేబోర్గ్ నుంచి వచ్చిన ముసలి పాదిరీకీ వాదన పడింది. వాళ్ళ గ్రంథంలో దేవుడు వెలుగులోంచి ఒక విరోధిని పలకరించి, ములుకోలను తన్నితే నొప్పి నీకేనంటాడట. ఆ మాట అయిదొందల ఏళ్ళ ముందే గ్రీకు నాటకాల్లో ఉందని, గ్రంథం రాసినాయన గ్రీకు చదువరి కాబట్టి అక్కణ్ణించే తెచ్చుకున్నాడని కుర్రాయన. పైగా దేవుడు పలికింది హెబ్రీలో, మాటేమో గ్రీకులదని నవ్వు. ఎద్దున్న ప్రతివాడికీ తెలిసిన దానికి గ్రీకులెందుకని ముసలాయన. ఇద్దరిలో ఒక్కరూ ఎద్దు తోక ముట్టిన పాపాన పోలేదు. అందుకని బండివాణ్ణే అడుగుదామని మిల్లు దగ్గరికి వచ్చారు.

అందరిలోకీ పాతవాడని శివరాం పెదనాన్నను ముందుకు తోసి, ఒక్కసారి పొడిచి చూపించమన్నాడు. పెదనాన్న చెమటలు కక్కుతూ పొడిచాడు. నల్లోడు తన్నలేదు. గోకుతున్నారనుకుని హాయిగా ఇంకాస్త ఒరిగాడు. అనుమానమొచ్చి శివరాం కర్ర లాక్కుని మొన నొక్కాడు. లక్క ఊడి అరచేతిలో పడింది.

అయితే ఎద్దు తన్నదా అని ముసలి పాదిరీ అడిగాడు. తంతుందని, తను పొడిచిన ఆ ఒక్కసారీ తన్నిందని పెదనాన్న పాదిరీలకు తెలిసిన దీవి భాష క్రియోల్‌లో ఒప్పుకున్నాడు. పోయేది ఎలాగూ పోయిందనుకున్నాడేమో, శివరాం వైపు తిరిగి తెలుగులో అన్నాడు:

"తప్పు నాదే గదా. ఆ మాట ఎద్దుకి సెప్తారేటి, సర్దారూ? పొడిసినోడికి సెప్పాల."

ఏమన్నాడని పాదిరీలు ఇద్దరూ అడిగారు. శివరాం కర్ర చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పెదనాన్న చేతికి చెరకు కత్తి వచ్చింది. శివరాం ఆ కర్రకే కొత్త మేకు దిగ్గొట్టించి, ఎద్దును ఎలా తోలాలో చూపిస్తానని తనే బండెక్కాడు. పెదనాన్న తోటలోంచి చూస్తూ ఏడ్చాడు. ఆ సంగతి ఆయనే నాకు చెప్పాడు, దాచుకోలేదు. మూడో పోటుకు నల్లోడు తన్నాడు. గ్రంథంలో ఉన్నట్టు ములుకోలను కాదు, శివరాం మోకాలిని. గ్రీకులు ఈ సంగతి రాశారో లేదో నాకు తెలియదు.

వారం తిరక్కుండా శివరాం కుంటుకుంటూ మా గుమ్మంలోకి వచ్చాడు. బండికి మనిషి కావాలని మాత్రం గొణిగి, ములుకోల పెదనాన్న చేతికిచ్చి వెళ్ళిపోయాడు. పెదనాన్న మొన తడిమి చూశాడు. మేకు లేదు.