బ్యూరెట్ తిప్పకముందే వచ్చిన గులాబీ రంగు

మా నాయినకు రోజు విడిచి రోజు సూర్యాపేటలో డయాలసిస్. నేను పనిచేసేది కోదాడ దగ్గర ఒక చిన్న కెమికల్ యూనిట్‌లో. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ఆర్వో ప్లాంట్లలో నీటిని వడకట్టే పొరల మీద సున్నం గట్టిపడకుండా ఒక పాలిమర్ ద్రవం వేస్తారు. మేం తయారుచేసేది అదే. నాయిన వెళ్లే దవాఖానలోని నీళ్ల ప్లాంటుకు కూడా మా డ్రమ్మే వెళుతుంది.

ప్రతి డ్రమ్ములోంచి తీసిన నమూనాను పరీక్షించడం నా పని. ఈ పాలిమర్‌ది ఆమ్ల గుణం. దాన్ని గాజు ఫ్లాస్కులో నీళ్లతో కలిపి, ఫినాఫ్తలీన్ చుక్క వేసి, పైన బ్యూరెట్‌లోంచి కాస్టిక్ సోడా నీళ్లు కొద్దికొద్దిగా వదలాలి. ఆమ్లమంతా విరిగాక గులాబీ రంగు నిలుస్తుంది. కాలేజీలో చేసిన ఆమ్లాల్లా ఇది తొందరగా తేలదు, మహా మొండిది. రంగు వచ్చినట్టే వచ్చి, ఫ్లాస్కు కదిపితే మాయమవుతుంది. చిటికెడు ఉప్పు వేస్తే గానీ దారికి రాదు. రోజూ తిట్టుకుంటూనే చేస్తాను.

ఎండాకాలం గిరాకీ ఎక్కువ. ముందు బండి పంపడం, తర్వాత పరీక్ష చేయడం మా యూనిట్‌లో అలవాటైపోయింది. పైగా అన్నీ నీలం డ్రమ్ములే. తెల్ల మూత ఉంటే పాలిమర్, ఎర్ర మూత ఉంటే పొరలు కడగడానికి అమ్మే కాస్టిక్. అందరం మూత చూసే పని కానిచ్చేవాళ్లం.

ఆ ఉదయం ఫినాఫ్తలీన్ చుక్క పడగానే ఫ్లాస్కు మొత్తం గులాబీ అయింది. బ్యూరెట్ ఇంకా తిప్పనే లేదు. కడిగి మళ్లీ చేశాను. మళ్లీ అదే. నమూనా సీసాలో ఉన్నది పాలిమర్ కాదు, కాస్టిక్. ఆ డ్రమ్ము పొద్దున్నే సూర్యాపేట బండిలో వెళ్లిపోయింది. నాయినకు ఆ రోజే డయాలసిస్.

లోడింగ్ చేసే అన్నను అడిగితే, "ఎర్ర మూతలు ఒడిసినయ్ చెల్లె, ఉన్న తెల్ల మూత పెట్టిన," అన్నాడు. దవాఖాన టెక్నీషియన్ ఫోన్ ఎత్తలేదు. మిర్యాలగూడలో తన రైస్ మిల్లు దగ్గరున్న మా ఓనరుకు చేశాను.

"పంపు నీళ్లల్ల చుక్కలు చుక్కలే గదమ్మా వేసేది. ఏం గాదు, పరేషాన్ గాకు."

లెక్క ప్రకారం ఆయన మాట తప్పు కాదు. నీళ్లు తేడాగా ఉంటే డయాలసిస్ మిషన్ మోగి ఆగిపోతుందని నాకూ తెలుసు. అయినా ఆ మిషన్‌కు తగిలించి ఉన్న చెయ్యి మా నాయినది. నాకు ఏ లెక్కా తలకెక్కలేదు.

కోదాడలో బస్సెక్కి నాయినకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. సూది గుచ్చిన చెయ్యి కదపనివ్వరని తెలిసినా ఏడుపొచ్చింది. మునగాలలో ఎవరివో మూటలు దించడానికి బస్సు ఆపితే కండక్టర్ మీద అరిచాను. "దవాఖానకా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. తలూపాను.

దిగగానే దవాఖాన నీళ్ల గదిలోకి పరిగెత్తాను. డ్రమ్ము గోడ పక్కన ఉంది. మూత తీయలేదు.

"పాతది ఇంక ఒడువలే మేడం. ఇది రేపు పెడ్తం," అన్నాడు టెక్నీషియన్. డ్రమ్ములో ఉన్నది వేరే మందని, ఎవరూ ముట్టకుండా వాపసు పంపమని చెప్పి నాయిన దగ్గరికి వెళ్లాను.

నన్ను చూడగానే ఆయన ముఖం విప్పారింది. పక్క కుర్చీలో డయాలసిస్ చేయించుకుంటున్న పెద్దమ్మతో, "నేను జెప్పలే? ఈ నీళ్లల్ల వేసే మందు జేసేది మా బిడ్డనే," అన్నాడు నవ్వుతూ.

ఆమె ఖాళీగా ఉన్న చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "మీ నాయిన గిట్ల జెప్పినంక నాకు భయం పోయింది బిడ్డా. మిషన్ దిక్కు సూసుడే మానేసిన."

"సూసుడు మాత్రం మానకు పెద్దమ్మా," అన్నాను.

నాయిన నవ్వు ఆగిపోయింది.