నల్ల బిళ్లకు నాన్న పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో నాకు జీవితంలో ఒక్కటే కోరిక: ఒక నల్ల బిళ్ల నా కళ్లముందు మారాలి. ఎచ్చెర్ల యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. మాంగనీసు కలిసిన పొడులను కాల్చి మాత్రంత బిళ్ల చేశాను. అయస్కాంత గుణమున్న ఆ బిళ్లను బాగా చల్లబరిస్తే లోపలి అణువుల అమరిక మారుతుందని నా నమ్మకం. మారితే ఎక్స్‌రే పటంలో గీతలు మారతాయి. ఆ మార్పు చూపిస్తేనే థీసిస్ రాయనిస్తానని మా గైడుగారు తేల్చి చెప్పేశారు. (అప్పటికే నాది తెమలని చదువని మా బంధువుల్లో పేరుపడింది.)

మా నాన్న గరివిడిలో మాంగనీసు కరిగించే కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఆ దసరాకి కొబ్బరికాయ, కుంకుమ పట్టుకుని నేరుగా మా ల్యాబుకే వచ్చేశాడు. ఇక్కడ యంత్రాలకు పూజలు చెయ్యరని నసిగాను. "అంత పెద్ద కొలిమికే మేం బొట్టెడతాం. నీ మిషను దానికన్నా గొప్పదేటి?" అన్నాడు. బిళ్ల మారదేమోనని నాకూ లోపల భయంగానే ఉంది కాబట్టి సరేనన్నాను. ఆయన ఎక్స్‌రే యంత్రానికి పెట్టి, చేయి ఆగక పక్కనున్న బిళ్లకీ ఒక బొట్టు పెట్టేశాడు. ఆయన బస్సెక్కగానే దాన్ని శుభ్రంగా తుడిచేశాను (అనుకున్నాను).

సెలవులయ్యాక బిళ్లను చల్లబరిచి చూద్దును కదా, సెలవుల ముందు వెచ్చగా ఉన్నప్పుడు తీసిన పటంలో లేని కొత్త గీతలు కనబడ్డాయి. నా కాళ్లు నేల మీద నిలవలేదు. క్యాంటీన్లో అందరికీ టీలు పోయించి ఇంటికి ఫోన్ చేశాను. నాన్న ఆ పూటే కొలిమి దగ్గర అందరికీ చెప్పేశాడట. గైడుగారు మాత్రం కళ్లద్దాలు సర్దుకుని, "మల్లీ ఎచ్చబెట్టి సూడు. నిజంగా మారితే ఎనక్కి రావాల గదా" అన్నారు. వెచ్చబెట్టాను. కొత్త గీతలు కదల్లేదు. ఆరా తీస్తే అవి కుంకుమ కోసం పసుపులో కలిపే సున్నానివి. బిళ్ల సందుల్లో ఇరుక్కుపోయింది.

ఇప్పుడు నాన్నకేం చెప్పాలి? గరుకు కాగితంతో పైపొర గీకేసి మళ్లీ చల్లబరిచాను. కొత్త గీతలేవీ లేవు గానీ, ఎప్పుడూ ఒంటిగా ఉండే పాత గీత ఒకటి మెల్లగా రెండుగా చీలింది. వెచ్చబెడితే కలిసిపోయింది, చల్లబరిస్తే మళ్లీ చీలింది. గైడుగారు చాలాసేపు చూసి, ఇక రాసుకోమన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

ఆ ఆదివారం ఇంటికెళ్తే నాన్న గుమ్మంలోనే అడిగాడు: "అయితే నా బొట్టు పన్సేసినాదన్న మాట?" సున్నం సంగతి నోటిదాకా వచ్చింది. "సేసినాది నాన్నా" అన్నాను.

ఇప్పుడు పాఠాలు చెబుతూ, కొలతలో ఆవగింజంత తేడా ఉన్నా నేను ఒప్పుకోను. పిల్లలు హడలిపోతారు. గుమ్మంలో నిలబడి అంత హాయిగా అబద్ధమాడిన అప్పటి నన్ను మాత్రం ఏమీ అనలేను. ఆ మాటకి నాన్న ముఖం వెలిగినట్టు వెలగడం నేను మళ్లీ చూడలేదు.